నాయనమ్మకి నూరు దాటాయి, నాన్నకి అరవై ఒకటే. మరి నాకెన్ని?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. నాకు 58 నిండాయి, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాను. మా నాయనమ్మ 2019లో పోయింది. ఒడిశా వేరే రాష్ట్రమైన ఏడాది మా మేనత్త పుట్టిందని, అప్పటికి తనకి పద్ధెనిమిదేళ్ళని చెప్పేది. ఆ లెక్కన 101 ఏళ్ళు బతికింది. పొద్దున్నే తరవాణి అన్నం, ఎండు చేప, మధ్యాహ్నం జీడితోటలోకి నడక, సాయంత్రం అరుగు మీద కూర్చుని చుట్టతో అడ్డపొగ. ఒక్క రోజూ ఆసుపత్రి మెట్లెక్కలేదు. మా నాన్నగారు మాత్రం 1999లో 61 ఏళ్ళకే గుండెతో పోయారు. షుగరుండేది. గోపాలపురం దగ్గర తుపాను తాకిన మర్నాడు బరంపురం తీసుకెళ్దామంటే దారి పొడుగునా చెట్లు పడిపోయి ఉన్నాయి. అమ్మకి 80. రెండేళ్ళుగా మరుపొచ్చింది, పులుసులో ఉప్పు రెండుసార్లు వేస్తోంది. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు 'ఉమ్మి పంపితే చాలు, దీర్ఘాయుష్షు జన్యువు ఉందో లేదో చెప్పేస్తారు, అందరం చేయించుకుందాం' అంటున్నాడు. మా అప్ప (అక్క) తన కొడుక్కి మా అమ్మాయిని అడుగుతోంది, 'నూరేళ్ళ రక్తం బయటికెందుకు పోవాలి' అని. నేను రోజుకి నాలుగు చుట్టలు కాలుస్తాను. గుణుపురంలో ఉన్న మేనత్త సంక్రాంతికి వచ్చినప్పుడల్లా 'మా అమ్మ పోలికే నీది' అంటుంది. నాకు ఎవరి ఆయుష్షు వచ్చినట్టు? పరీక్ష చేయించుకోమంటారా?

సమాధానం: మీ ఉత్తరం చాలా పెద్దది, ఇక్కడ కుదించి వేశాం. అసలు ఉత్తరంలో నాయనమ్మ గురించి రెండు పేజీలున్నాయి, నాన్నగారి గురించి నాలుగు లైన్లు. తప్పు పట్టడం లేదు. బరంపురంలో ముప్పై ఏళ్ళు ప్రాక్టీసు చేశాను, అందరూ ఇంతే. 'మీ ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా' అని అడుగుతాను. 'మా తాత తొంభై అయిదేళ్ళు బతికాడండీ' అంటారు. నేనడిగింది ఒకటి, వాళ్ళు చెప్పేది ఒకటి. ఎక్కువ కాలం బతికినవాళ్ళ కథ ఇంట్లో పదిమంది నోట పడి నిలుస్తుంది. ముందే పోయినవాళ్ళ గురించి మాట్లాడుకోవడానికి మనసొప్పదు. కానీ డాక్టరుకి పనికొచ్చేది ఆ రెండో కథే.

ముందుగా ఆ 101 సంగతి. ఒడిశా వేరుపడింది 1936 ఏప్రిల్ 1న, అందులో సందేహం లేదు. సందేహమల్లా ఆ 'పద్ధెనిమిది' మీదే. ఆ రోజుల్లో మన వైపు ఆడపిల్లకి తొలి కాన్పు పదిహేను, పదహారుకే అయిపోయేది. అలా అయితే ఆవిడ 98కో 99కో పోయినట్టు. దానివల్ల ఆవిడ గొప్పతనం ఏమీ తగ్గిపోదు. చెప్పడం ఎందుకంటే, నూరేళ్ళవాళ్ళ మీద చదివేటప్పుడు ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. ఆస్ట్రేలియాకి చెందిన సాల్ న్యూమన్ అనే పరిశోధకుడు, అమెరికాలో ఒక్కో రాష్ట్రం జనన ధ్రువపత్రాలు మొదలుపెట్టగానే అక్కడ 110 దాటినవాళ్ళ సంఖ్య అమాంతం పడిపోయిందని చూపించాడు. మనుషులు చచ్చిపోలేదు, లెక్క సరిపడింది. ఆ పనికి 2024లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తరవాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. కాగితాలతో సహా నిలబడిన అతి పెద్ద వయసు ఫ్రాన్సులోని జాన్ కాల్మాఁ గారిది, 1875లో పుట్టి 1997లో పోయింది, 122 ఏళ్ళు. ఆవిడ కూడా వందేళ్ళు దాటాక కూడా సిగరెట్టు కాల్చింది. ఈ మాట మీకు చెప్పకుండా ఉండాల్సిందేమో.

ఇక వాటా లెక్క. మీ డీఎన్‌ఏలో సగం నాన్నగారిది, సగం అమ్మగారిది. నాన్నగారి సగంలో నాయనమ్మది, తాతది కలిసి ఉంటాయి. కాబట్టి నాయనమ్మ వాటా మీ దగ్గర సుమారు నాలుగో వంతు. ఆ పావు వంతులో ఏ ముక్కలు వచ్చాయో పేక కలిపి పంచినట్టే, మీ తమ్ముడికి వచ్చినవే మీకూ వచ్చి ఉండాలని లేదు. పైగా ఆ పావు మీకు చేరింది నాన్నగారి చేతి మీదుగా. ఆయన దగ్గర నాయనమ్మది సరిగ్గా సగం ఉంది. అంత ఉండీ ఆయన 61కే వెళ్ళిపోయారు. పావు పెట్టుకుని మీరు నూరు మీద ఆశ పెట్టుకున్నారు. తాతగారు ఎన్నాళ్ళు బతికారో మీరు రాయనేలేదు. ఆయన వాటా కూడా మీలో ఇంచుమించు అంతే కదా. మేనత్త చెప్పే 'పోలిక' ముక్కుదో నడకదో అయి ఉంటుంది. రక్తనాళాల పోలిక ముఖంలో కనబడదు.

అయితే అసలు ఆయుష్షులో జన్యువుల పాత్ర ఎంత? దీనికి ఒక్క జవాబు లేదు, మూడున్నాయి, మూడూ ఒకదానికొకటి పొంతన లేనట్టు కనబడతాయి. డెన్మార్కులో 1870కీ 1900కీ మధ్య పుట్టిన 2,872 జతల కవలల చావు వయసులు పోల్చి 1996లో ఒక లెక్క తేల్చారు. ఒకేలా ఉండే కవలలు, మామూలు కవలలు, వీళ్ళ మధ్య తేడా చూస్తే, మనుషుల ఆయుష్షుల్లో కనబడే హెచ్చుతగ్గుల్లో మగవాళ్ళకి 26 శాతం, ఆడవాళ్ళకి 23 శాతం జన్యువుల వల్ల అని. చాలాకాలం అందరం 'పాతిక శాతం' అనే చెప్పుకున్నాం. 2018లో 40 కోట్లమందికి పైగా వంశవృక్షాలు కలిపి చూస్తే ఆ పాతిక కాస్తా పది శాతానికీ తక్కువ అయింది. ఎందుకంటే రక్తసంబంధం లేని చుట్టాల ఆయుష్షులు కూడా కలుస్తున్నాయి. అన్నదమ్ముల ఆయుష్షు కలిసినట్టే బావల, వదినల ఆయుష్షూ కొంత కలుస్తోంది. వియ్యమందేటప్పుడు మనం ఆస్తి, చదువు, తిండి, అలవాట్లు మనలాగే ఉన్నవాళ్ళని చూసుకుంటాం. ఆ పోలికంతా ఇన్నాళ్ళూ జన్యువుల ఖాతాలో పడింది. ఇక ఈమధ్యే ఇజ్రాయెల్లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇంకో మాటన్నారు. ప్రమాదాలు, అంటురోగాలు లాంటి బయటి కారణాల చావులు పక్కన పెడితే జన్యువుల వాటా సగం దాకా పోతుంది అని.

పది, పాతిక, యాభై. ఏది నిజం? మీ నాన్నగారినే తీసుకోండి. 1999 అక్టోబరు 17 తుపాను నాకు బాగా గుర్తుంది. రెండు వారాలు తిరక్కుండానే పారాదీప్ వైపు అంతకన్నా పెద్దది వచ్చి దీన్ని అందరూ మర్చిపోయారు గానీ, గంజాం, గజపతి వాళ్ళం మర్చిపోలేదు. మేము లాంతరు వెలుతురులో బీపీ చూసిన రోజులవి. ఇప్పుడు చెప్పండి, మీ నాన్నగారు పోయింది జన్యువు వల్లా, షుగరు వల్లా, దారికి అడ్డంగా పడిన చింతచెట్టు వల్లా? మూడూ నిజమే. మామూలు రోజయితే ఆయన్ని రెండు మూడు గంటల్లో బరంపురం చేర్చేవారు, ఇంకో పదేళ్ళు బతికేవారేమో. అప్పుడు మీరు ఈ ఉత్తరం ఇంత భయంగా రాసేవారు కాదు, మీ జన్యువులు మాత్రం ఇవే. బయట చెట్లు పడే కాలంలో, మలేరియా, కలరా తిరిగే ఊళ్ళలో జన్యువుల తేడా పెద్దగా కనబడదు. బతుకు నిలకడగా ఉన్నచోట, అందరూ డెబ్భై దాకా క్షేమంగా చేరేచోట ఆ తేడా పైకి తేలుతుంది. అందుకే ఆ మూడు అంకెలూ. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ళ దగ్గర ఉండేది, ఇప్పుడు డెబ్భై దగ్గర ఉంది. ఈ మూడు తరాల్లో జన్యువులేమీ మారిపోలేదు. నీళ్ళు, టీకాలు, పురుళ్ళు, రోడ్లు మారాయి.

అలాగని జన్యువుల్లో ఏమీ లేదని అనడం లేదు. ఏ ఇద్దరు మనుషులని పక్కపక్కన పెట్టినా డీఎన్‌ఏ రాతలో లక్షల చోట్ల అక్షరాలు తేడాగా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఏ పనీ చెయ్యవు. నూరు దగ్గరికి చేరినవాళ్ళనీ, మామూలుగా పోయినవాళ్ళనీ పోల్చి ఎన్ని దేశాల్లో వెతికినా గట్టిగా నిలబడిన జన్యువు దాదాపు ఒక్కటే, పేరు అపోఈ. ఒంట్లో కొవ్వుని మోసుకెళ్ళే ప్రోటీనుకి అది నమూనా. దీనికి 2, 3, 4 అని మూడు రకాలు. ఎక్కువమందికి ఉండేది 3. నాలుగో రకం ఉంటే గుండె జబ్బుకీ, మతిమరుపు జబ్బుల్లో పెద్దదైన ఆల్జీమర్స్‌కీ అవకాశం పెరుగుతుంది. 1994లో ఫ్రాన్సులో నూరు దాటినవాళ్ళని చూస్తే వాళ్ళలో ఈ 4 తక్కువగా, 2 ఎక్కువగా ఉంది. మీ తమ్ముడు అనుకుంటున్నట్టు ఇది 'ఆయుష్షు పోసే' జన్యువు కాదు. చెడ్డ రకం ఉన్నవాళ్ళు దారిలో రాలిపోగా, లేనివాళ్ళు చివరిదాకా మిగిలారు, అంతే.

రెండోది ఫాక్స్ఓ3. హవాయిలో ఉండే జపాను సంతతి మగవాళ్ళ మీద 2008లో వచ్చిన పని. ఇది ఒంట్లో ఇన్సులిన్ కబురు ఎలా అందుతుందో, కణం కష్టకాలంలో తనని తాను ఎలా కాపాడుకుంటుందో చూసుకునే జన్యువు. సింథియా కెన్యన్ అనే ఆవిడ 1993లో నేలపురుగుల్లో ఒక్క జన్యువు మారిస్తే వాటి ఆయుష్షు రెట్టింపైందని చూపింది, ఆ దారిలోదే ఇదీ. మంచి రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వచ్చినవాళ్ళు ఆ హవాయి వృద్ధుల్లో సుమారు 2.75 రెట్లు ఎక్కువగా కనబడ్డారు. వినడానికి పెద్దగా ఉంటుంది. కానీ నూరు దాకా వెళ్ళేవాళ్ళు వేలల్లో ఒకరైనప్పుడు, ఆ ఒకటికి రెండున్నర రెట్లంటే వేలల్లో ఇద్దరో ముగ్గురో. మంచి రకం ఉండీ అరవైల్లో పోయినవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు.

మీ నాయనమ్మ చుట్ట గురించి ఇక తప్పదు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ మన శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళ సొత్తు. ఒడ్డున గాలికి నిప్పు ఆరకుండా అలా మొదలైందంటారు. 1971లో అచ్చైన ఒక పరిశీలనలో శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్ళు తెరిపించి చూశారు. నూటికి నలభై మందికి పైగా అడ్డపొగవాళ్ళే. అంగిట్లో తెల్లటి మచ్చలు, చర్మం మొద్దుబారడం, కొందరికి అక్కడే కాన్సరు. లోకంలో చాలాచోట్ల అంగిలి కాన్సరు అరుదు, మనకి మాత్రం మామూలే. నేను చూసిన అవ్వలందర్నీ నోరు తెరవగానే ముందు అంగిలి చూపించమనేవాణ్ణి. అరుగు మీద మీ నాయనమ్మతో కలిసి చుట్ట కాల్చిన స్నేహితురాళ్ళు ఎంతమంది ఉండేవారో, ఎవరు ఎప్పుడు పోయారో మీ మేనత్తని అడగండి. మిగిలిన ఒక్కావిడ వైపే మనం చూస్తున్నాం.

ఇందులో ఒక వింత కూడా ఉంది. న్యూయార్కులో నీర్ బార్జిలాయ్ అనే డాక్టరు 95 దాటిన 477 మంది యూదు వృద్ధుల అలవాట్లు ఆరా తీశాడు. పొగ, మందు, ఒళ్ళు, వ్యాయామం, ఏదీ మిగతా జనం కన్నా ఏమంత గొప్పగా లేదు. వాళ్ళకి జన్యువుల అండ ఉంది, అలవాట్లు చెడ్డవైనా కాసింది. మీ నాయనమ్మ ఆ కోవకి చెందిందే కావచ్చు. కానీ ఆ అండ ఉందో లేదో ముందే తెలుసుకునే దారి ఎవరికీ లేదు, కాలిస్తేనే తెలుస్తుంది. మామూలు మనుషుల లెక్క వేరు. ఇంగ్లండులో రిచర్డ్ డాల్ 1951 నుంచి యాభై ఏళ్ళ పాటు 34,439 మంది మగ డాక్టర్లని వెంటాడి రాసి పెట్టాడు. సిగరెట్టు వదలనివాళ్ళు సగటున పదేళ్ళు ముందు పోయారు. యాభైలో మానినవాళ్ళకి అందులో ఆరేళ్ళు తిరిగొచ్చాయి, అరవైలో మానినవాళ్ళకి మూడేళ్ళు. మీకు 58. ఇంతవరకూ కనిపెట్టిన ఏ జన్యువు తేడా కూడా మీ వయసులో ఉన్నవాడికి ఇంత కచ్చితంగా మూడు నాలుగేళ్ళు చేతిలో పెట్టదు. మీరు చుట్ట మామూలుగానే కాలుస్తారు, అడ్డంగా కాదు, సంతోషం. గుండెకి రెండూ ఒకటే.

ఇప్పుడు నాన్నగారి నాలుగు లైన్ల దగ్గరికి వద్దాం. డాక్టర్ల లెక్కలో తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు గుండెపోటు వస్తేనే 'చిన్న వయసులో వచ్చింది, ఇంట్లో ఉంది' అని గట్టిగా రాసుకుంటాం. 61 ఆ గీత అవతలే ఉంది, పైగా షుగరుంది. కాబట్టి మీరు భయపడినంత వంశదోషం ఆ ఒక్క చావుని బట్టి రుజువు కాదు. కానీ భారతీయులకి మొదటి గుండెపోటు మిగతా దేశాలవాళ్ళ కన్నా అయిదారేళ్ళు ముందే వస్తుందని పెద్ద పరిశీలనలే చెప్పాయి, కనుక ఊరుకోవడానికీ లేదు. మీరు చేయించుకోవాల్సినవి చెబుతాను. బీపీ, మూణ్ణెల్ల షుగరు సరాసరి, కొలెస్టరాలు, ఇవి ఎటూ ఉన్నవే. వాటితో పాటు జన్మలో ఒక్కసారి లైపోప్రోటీన్-ఏ. చెడ్డ కొలెస్టరాలు లాంటి రేణువుకి ఇంకో ప్రోటీను అంటుకుని తిరిగేది ఇది. దాని మోతాదు దాదాపు పూర్తిగా జన్యువే నిర్ణయిస్తుంది, తిండి మార్చినా నడిచినా తగ్గదు, అందుకే ఒక్కసారి చాలు. మన ప్రాంతపు జనంలో ఎక్కువగా ఉండేవాళ్ళు చాలామంది. అది ఎక్కువని తేలితే మిగతావన్నీ ఇంకా గట్టిగా అదుపులో పెట్టుకోవాలి. 'జన్యు పరీక్ష' అని పేరు లేకపోయినా నాన్నగారి నుంచి మీకేం వచ్చిందో చెప్పే పరీక్ష ఇదే.

ఇంకొకటి. 2009లో హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ గారి బృందం, మరికొందరు కలిసి ఒక సంగతి బయటపెట్టారు. గుండె కండరం బిగువుకి కావలసిన ఒక ప్రోటీను జన్యువులో పాతిక అక్షరాలు ఊడిపోయిన రకం మన దేశంలో సుమారు నూటికి నలుగురిలో ఉందని. అది ఉన్నవాళ్ళు నడివయసు దాకా బాగానే ఉంటారు, పిల్లల్ని కంటారు, పెంచుతారు. ఆ తరవాత కొందరికి గుండె బలహీనపడుతుంది. పిల్లలు పుట్టాక దెబ్బ కొట్టే దోషాన్ని ప్రకృతి ఏరి పారెయ్యదు, అందుకే అది అన్ని తరాలు నిలిచింది. ముసలితనంలో బయటపడే జబ్బుల్లో చాలావాటి కథ ఇదే. అందుకని మీ నాన్నగారికి చివరి ఏడాది కాళ్ళు వాచేవా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చునేవారా, లేక ఏమీ లేకుండా ఉన్నట్టుండి గుండెలో నొప్పా? ఇది తెలిసినవాళ్ళని అడగండి. మొదటి రకమైతే మీరు ఒకసారి ఎకో, అంటే గుండె స్కానింగు, తీయించుకోండి. బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో అయిపోతుంది, జన్యు పరీక్ష దాకా అక్కర్లేదు.

మీ తమ్ముడి ఉమ్మి కిట్టుకి వద్దని చెప్పండి. అతని కుతూహలాన్ని తక్కువ చేయడం లేదు. 2010లో బోస్టనువాళ్ళు ఇలాగే 150 జన్యు గుర్తులు చూసి ఎవరు నూరేళ్ళు బతుకుతారో 77 శాతం సరిగ్గా చెప్పగలమని గొప్ప పత్రికలో వేశారు. ఏడాది తిరిగేసరికి పరీక్షలో వాడిన చిప్పుల్లో లోపం బయటపడి వాళ్ళే ఆ వ్యాసం వెనక్కి తీసుకున్నారు. పైగా ఈ లెక్కలు చాలామటుకు యూరపు జనం మీద కట్టినవి. మన దేశంలో పదివేల మంది జన్యువులు చదివిన జీనోమ్ ఇండియా సమాచారం పరిశోధకులకి అందింది 2025 జనవరిలోనే. మనకి సరిపోయే లెక్కలు ఇంకా రావాలి. జన్యువు తెలిస్తే మందు దొరుకుతుంది కదా అనుకోవచ్చు. దొరికిన సందర్భం ఉంది, పీసీఎస్‌కే9 అనే జన్యువు పనిచెయ్యని అమెరికనుల్లో గుండెపోట్లు బాగా తక్కువని 2006లో తేలింది, దాన్ని బట్టి వచ్చిన సూదిమందు ఇప్పుడు వాడుతున్నాం. సీఈటీపీ అనే ఇంకో ప్రోటీను మందగించిన రకం నూరేళ్ళవాళ్ళలో ఎక్కువగా కనబడింది, దాన్ని ఆపే మందు కూడా చేశారు, ఆ మందు వేసుకున్నవాళ్ళే ఎక్కువమంది పోతున్నారని అదే 2006లో పరిశీలన ఆపేశారు. జన్యువులో చూసి మందు చెయ్యడం అంత సూటి దారి కాదు.

ఆ కిట్టు వద్దనడానికి అసలు కారణం వేరే. అందులో అపోఈ రకం కూడా రావచ్చు. అమ్మగారి మరుపు రోజూ కళ్ళెదుట చూస్తూ, మీకో మీ తమ్ముడికో నాలుగో రకం ఉందని ఫోనులో చదివారనుకోండి. అది ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు, లేనివాళ్ళకి రాదనీ కాదు. కానీ తాళం మర్చిపోయిన ప్రతిసారీ గుండె గుభేలుమంటుంది. తెలుసుకున్నది మళ్ళీ తెలియకుండా చేసుకోలేం. అంతగా తెలుసుకోవాలనుంటే, కంపెనీ కిట్టుతో కాదు, హైదరాబాదు నిమ్స్‌లో జన్యు విభాగం ఉంది, అక్కడ కూర్చోబెట్టి ముందు మాట్లాడి, తరవాతే రక్తం తీసుకుంటారు.

అమ్మగారికి జన్యు పరీక్ష అసలు వద్దు. ఆవిడకి కావలసింది బీ12, థైరాయిడ్, సోడియం చూడడం, చెవులు ఎంత వినబడుతున్నాయో చూడడం, రాత్రి నిద్రమాత్ర ఏదైనా ఎవరైనా అలవాటు చేశారేమో పొట్లాలు విప్పి చూడడం. ఎనభైలో వచ్చే మరుపులో కొంత ఇలాంటి వాటి వల్లే ఉంటుంది, అది సరిచేయగలం. అత్తగారికీ భర్తకీ చాకిరీ చేసి అలసిన మనిషి, దిగులు కూడా మరుపులాగే కనబడుతుంది. ఉప్పు డబ్బా మాత్రం ఆవిడ దగ్గర్నించి లాక్కోవద్దు. పులుసు ఆవిడే పెట్టాలి, ఉప్పు వేసేటప్పుడు పక్కన ఎవరైనా ఉండాలి.

ఇక మీ అప్ప గారి మాట. 'నూరేళ్ళ రక్తం' బయటికి పోకుండా ఇంట్లోనే కట్టేసుకోవచ్చన్నది అందంగా ఉంది గానీ లెక్క కుదరదు. ఆయుష్షు ఒక్క జన్యువులో లేదు, వందల వాటిలో చిన్న చిన్నగా ఉంది, తరం తరానికీ కలిసిపోతుంది. మేనరికంలో ఇంట్లోనే మిగిలేవి వేరే. మేనత్త కొడుకు, మేనమామ కూతురు తమ డీఎన్‌ఏలో సుమారు ఎనిమిదో వంతు పంచుకుంటారు. ఇద్దరి దగ్గరా అదే లోపం దాగి ఉంటే బిడ్డలో రెండు వైపుల నుంచీ కలిసి బయటపడుతుంది. మామూలు పెళ్ళిలో వందకి మూడు కాన్పుల్లో ఏదో ఒక పుట్టులోపం ఉంటే మేనరికంలో అయిదారు ఉంటుంది. ఎక్కువే, కానీ తొంభై నాలుగు బాగానే ఉంటాయి. మన ఇళ్ళలో చాలామందిమి అలా పుట్టినవాళ్ళమే. మీ పక్కింటి ఒడియావాళ్ళకి మాత్రం ఇది అన్నాచెల్లెళ్ళ పెళ్ళిలాగే వినబడుతుంది, నలభై ఏళ్ళుగా పక్కపక్కనే ఉన్నా ఈ ఒక్క విషయంలో ఒకరి మొహం ఒకరు చూసుకోం.

ఈ పెళ్ళి అనుకుంటే ముందు పిల్లకీ పిల్లాడికీ హీమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయించండి. ఒడిశాలో పడమటి, దక్షిణపు జిల్లాల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఎక్కువ, తలసీమియా అనే ఇంకో రక్తజబ్బు కూడా ఉంది. సికిల్ జన్యువు ఒక్కటే ఉంటే మనిషికి ఇబ్బంది ఉండదు సరికదా, మలేరియా నుంచి కాపాడుతుంది. అందుకే కొరాపుట్, రాయగడ కొండల్లో అది అన్ని వందల ఏళ్ళు బతికింది. రెండు వైపుల నుంచీ వస్తే బిడ్డకి నరకం. ఒకే జన్యువు, ఒకటుంటే కాపు, రెండుంటే కాటు. ఇద్దరిలో ఒక్కరికే ఉండి రెండోవారికి తలసీమియా కూడా లేకపోతే, లేదా ఎవరికీ ఏదీ లేకపోతే ఆ భయం పోతుంది. అన్నట్టు, మీ అమ్మాయి ఏమంటోందో ఉత్తరంలో ఎక్కడా లేదు.

నూరేళ్ళు నిండినవాళ్ళ తోబుట్టువుల మీద అమెరికాలో టామ్ పెర్ల్స్ చేసిన లెక్క ఒకటుంది. 2002లో వచ్చింది. వాళ్ళ అన్నదమ్ములు నూరు చేరే అవకాశం మిగతావాళ్ళ కన్నా 17 రెట్లు, అక్కచెల్లెళ్ళది 8 రెట్లు. అంటే మరీ పెద్ద వయసులో వంశం మాట వినబడుతుంది, అదీ ఒక్కరిని చూస్తే కాదు, ఒక కడుపున పుట్టినవాళ్ళందర్నీ వరసగా చూస్తే. మీ ఇంట్లో ఆ వరస రాసిన కాగితమేదీ లేదు. 1936లో పుట్టిన మేనత్త ఇంకా గుణుపురం నుంచి పండక్కి వస్తోందని యథాలాపంగా రాశారు. నాకు మీ ఉత్తరమంతటిలో నచ్చిన వాక్యం అదే. తొంభైకి చేరువలో ఉన్న ఆవిడకి తెలుసు తాత ఎలా పోయాడో, నాయనమ్మ తోబుట్టువులు ఎంతమంది బతికారో, చంటిపిల్లలుగా పోయినవాళ్ళెవరో, మీ నాన్న కాళ్ళు వాచేవో లేదో. సంక్రాంతి దాకా ఆగకండి. వచ్చే ఆదివారం మీరే రైలెక్కి గుణుపురం వెళ్ళండి, ఒక నోటు పుస్తకం పట్టుకెళ్ళండి. చుట్టలు ఇంట్లో పెట్టి వెళ్ళండి, లేకపోతే ఆవిడ మళ్ళీ పోలికల గురించే మొదలుపెడుతుంది.